మాటలు బంద్ అయిన మనిషి గడపకు పోయేదెట్లా: బైబిలు వాక్యం చెప్పిన వరుసలో ఒక్కో మెట్టు

నెల మొదటి ఆదివారం వచ్చిందంటే మా సంఘంలో కొందరు వెనక వరుసకు జరుగుతారు. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఎవరితోనో తగాదా పెట్టుకున్నవాళ్లు రొట్టె దగ్గరికొచ్చేసరికి తల వంచుకుని పళ్లెం పక్కవాళ్లకు అందించేస్తారు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నన్ను ఆపి అడిగే మాట ఒక్కటే: "సమాధానపడాలె అని పాస్టరయ్య చెప్తడు. బాగనే ఉన్నది. కని ఎట్ల పోవాలె? పోయి ఏం మాట్లాడాలె?"

నేను పాస్టర్‌ను కాదు. దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఎవుసం చేసుకుంటూ, సంఘ పెద్దల్లో ఒకడిగా ఇట్లాంటి తగాదాల మధ్య ఏండ్లుగా కూర్చుంటున్నవాణ్ని. కొన్ని కుదిరాయి. కొన్ని నా తొందర వల్లే చెడ్డాయి.

చూసినంతలో నాకు అర్థమైంది ఇది: మంచి మనసుతో బయల్దేరినవాళ్ల సమాధానం కూడా వరుస తప్పితే చెడిపోతుంది. మత్తయి 18వ అధ్యాయంలో యేసు పెట్టిన వరుస చిన్నది. మొదట ఒంటరిగా ఆ మనిషి దగ్గరికి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని. అప్పటికీ వినకపోతే సంఘానికి. మనం దాన్ని తిరగేస్తాం. ముందు బావికాడ చెప్తాం, తర్వాత వాట్సాప్ గ్రూపులో, తర్వాత పాస్టరయ్యకు. ఆ మనిషికి మాత్రం ఆఖరున, అదీ వేరేవాళ్ల నోటితో తెలుస్తుంది.

1. ముందు మీరు ఏ దారిలో ఉన్నారో తేల్చుకోండి

వాక్యంలో రెండు సందర్భాలున్నాయి, రెండూ వేరు.

మత్తయి 5:23, 24లో మీ మీద అవతలివాడికి విరోధం ఉంది. అంటే తప్పు మీ వైపు ఉండొచ్చు. అర్పణ బలిపీఠం ముందే వదిలేసి, మొదట వెళ్లి సమాధానపడమన్నాడు.

మత్తయి 18:15లో అవతలివాడు మీ పట్ల తప్పు చేశాడు. అప్పుడు కూడా మీరే వెళ్లి, మీరూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు అతని తప్పు చూపించమన్నాడు.

గమనించారా? రెండింట్లోనూ లేచి పోవాల్సింది మీరే. "ఆయన రావాలె గద ముందుగాల" అనే మాటకు రెండు చోట్లా తావు లేదు. ఇద్దరూ నిజంగా ఈ మాట మీద నిలబడితే దారి మధ్యలో కలుసుకోవాలి. నేనైతే అట్లా కలుసుకున్నవాళ్లను ఇంతవరకు చూడలేదు.

మా తగాదాల్లో ఎక్కువ భాగం ఈ రెండూ కలిసినవే. అట్లాంటప్పుడు మొదటి దారితోనే మొదలుపెట్టండి. మీ తప్పు చెప్పడానికి పోయిన రోజున అతని తప్పు లెక్క తీయొద్దు. దానికి ఇంకో రోజు ఉంది.

2. కాగితం మీద రాయండి

మన కంట్లో దూలం ఉంచుకుని ఎదుటివాడి కంట్లో నలుసు ఎంచే పోలిక (మత్తయి 7:3-5) అందరికీ నోటికొచ్చు. దాన్ని పనిలో పెట్టడానికి నాకు దొరికిన ఉపాయం ఒక చిత్తు కాగితం, ఒక పెన్ను. మీరు చేసింది మాత్రమే రాయండి. "ఎందుకు చేశాను" రాయొద్దు. "వాడేం చేశాడు" అసలే రాయొద్దు.

రాసింది ఇట్లా ఉండాలి:

- రెండేండ్ల కింద చేబదులు ఇరవై వేలు తీసుకున్న. దసరాకు ఇస్తానన్న. ఇయ్యలేదు. ఎదురైతే తొవ్వ మార్చిన.
- కల్టివేటర్‌తో దున్నినప్పుడల్లా గట్టు జానెడు జానెడు మా దిక్కు కలుపుకున్న.
- వాళ్ల బిడ్డ సంబంధం గురించి అడగనొచ్చినోళ్లకు లేనిపోనిది చెప్పిన.
- కైకిలికి వచ్చినామెను అందరి ముందు తిట్టిన. ఆ రోజు కూలి సగమే ఇచ్చిన.

ఇట్లా ఉండొద్దు:

- మా మధ్య కొంచెం అపార్థం జరిగింది.
- ఆవేశంలో ఏదో అన్న.

"జరిగింది" అని రాసినచోట చేసినవాడు కనపడడు. ఆ వాక్యాన్ని కొట్టేసి "చేసిన" అని రాయండి. రాయడం రానివాళ్లు ఒక్కరే కూర్చుని పైకి చెప్పుకున్నా సరిపోతుంది.

ఈ కాగితం వెంట తీసుకుపోవద్దు. చింపేయండి.

3. రోజు, వేళ, చోటు

ఇక్కడ చిన్నచూపు చూస్తే మిగతా అంతా వృథా.

పొద్దున ఆరుకూ ఎనిమిదికీ మధ్య మంచిది. మనిషి ఇంటి దగ్గర ఉంటాడు, తల చల్లగా ఉంటుంది. సాయంత్రం ఏడు దాటాక పోవద్దు. కల్లు తాగొచ్చిన మనిషితో చేసుకున్న సమాధానం తెల్లారితే ఉండదు.

నాట్లు, పత్తి ఏరుడు, కోతలు జోరుగా ఉన్న వారంలో పోవద్దు. మిషన్ కిరాయి గంటల లెక్కన నడుస్తుంటే ఎవరికీ మీ మాట చెవికెక్కదు. పెండ్లి, దశదినకర్మ, అంగడి, బస్టాండు ఏవీ పనికిరావు. అక్కడ అవతలి మనిషికి నలుగురి ముందు "సరేలే" అనక తప్పదు. అట్లా అనిపించుకున్నది సమాధానం అనిపించుకోదు.

అవతలివాళ్లు హిందువులో ముస్లింలో అయితే వాళ్ల పట్టింపులు కనుక్కోండి. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వనివాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. మీకు రావాల్సిన పైసల మాట ఆ రోజు ఎత్తితే, మీకు వారాల పట్టింపు లేకపోయినా వాళ్లకు నొప్పి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు పోయి తలుపు కొట్టొద్దు.

ఇప్పుడు చోటు. ఎప్పుడూ వాళ్ల గడపకు మీరు పోవాలి. మీరు భూమి ఉన్నవాళ్లు, అవతలివాళ్లు మీ దగ్గర కైకిలి చేసేవాళ్లు అయితే ఇది మరీ ముఖ్యం. "జర ఇంటికి రమ్మన్నరని చెప్పు" అని కబురు పెట్టి, వాళ్లను వాకిట్లో నిలబెట్టి క్షమాపణ చెప్పినాయన ఒకరున్నారు. ఆమె తర్వాత నాతో అన్నది: "క్షమించుమన్నడో, పనికి రమ్మన్నడో నాకు తెల్వకపాయె."

బైబిలులో యాకోబు పత్రిక (సంఘాలకు రాసిన ఉత్తరం) రెండో అధ్యాయం మొదట్లో ఒక కుర్చీ తగాదా ఉంది. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి నిలబడే చోటు. మన ఊళ్లో దానికి కులం కూడా తోడైంది. సంఘంలో కూడా ఉంది, లేదంటే అబద్ధమే. అందుకని వాళ్ల ఇంట్లో చాప వేస్తే చాప మీద కూర్చోండి. నీళ్లిస్తే తాగండి. చాయ్ ఇస్తే "ఇప్పుడే తాగొచ్చిన" అనొద్దు. ఆ ఒక్క మాటతో మీరు చెప్పబోయేదంతా కొట్టుకుపోతుంది.

మనిషి వలస పోయి పుణెలోనో బొంబాయిలోనో ఉంటే? దసరాకో సంక్రాంతికో క్రిస్మస్‌కో వస్తాడని తెలిస్తే ఆగండి. ఏడాది దాకా రాడంటే వీడియో కాల్ చేయండి. పొద్దున అడ్డా మీద ఉన్నప్పుడు వద్దు, ఆదివారం మధ్యాహ్నం చేయండి. "తమ్మి, ఒక్కనివే ఉన్నవా?" అని అడిగి మొదలుపెట్టండి.

బయల్దేరేముందు చూసుకోండి:

- నేను పోతున్న సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.
- ఫోన్ ఇంట్లో పెట్టిన, లేదంటే బంద్ చేసిన.
- డబ్బు ఇచ్చేది ఉంటే లెక్కపెట్టి జేబులో పెట్టుకున్న.
- వాళ్లు తిట్టినా ఎదురు మాట అనొద్దని ముందే అనుకున్న.
- ప్రార్థన చేసుకున్న. (అక్కడికి పోయాక వాళ్లు అడగకుండా ప్రార్థన మొదలుపెట్టొద్దు. మాటలు దొరకనప్పుడు కళ్లు మూసుకోవడం మనవాళ్లకు అలవాటు.)

ఆడవాళ్లు ఒంటరిగా మగవాళ్ల ఇంటికి, లేదా మగవాళ్లు ఒంటరిగా ఉండే ఆడవాళ్ల ఇంటికి పోవాల్సి వస్తే ఇంట్లోవాళ్లను తోడు తీసుకుపోయి వాకిట్లో కూర్చోబెట్టండి. "ఒంటరిగా" అన్న మాటకు ఇది అడ్డం రాదు. పెద్దమనుషుల్ని వెంటేసుకుపోతేనే అడ్డం.

4. నాలుగు మాటలు

పోయాక చెప్పాల్సింది నాలుగు వాక్యాలే. ఐదోది వచ్చిందంటే అది సాకే అయి ఉంటుంది.

ఒకటి: ఏం చేశారో పేరు పెట్టి చెప్పండి. "అన్నా, మూడేండ్ల సంది నీ గట్టు దున్నుకుంట వచ్చిన."

రెండు: దానివల్ల వాళ్లకేమైందో చెప్పండి. "రెండు సాళ్ల జాగ పోయింది నీకు. సర్పంచి దగ్గర నన్నే నమ్మిండ్రు, నువ్వు అబద్ధాలోనివైనవ్."

మూడు: "నాది తప్పు." ఇంత చిన్న మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టమో చెప్పి చూస్తే తెలుస్తుంది.

నాలుగు: ఏం చేయబోతున్నారో చెప్పండి. "సర్వేయర్‌ను పిలిపిస్త, ఖర్చు నాది. రాళ్లు నువ్వు చెప్పినచోట పాతిపిస్త."

క్షమించమని అడగొచ్చు. జవాబు అక్కడికక్కడే కావాలని కూర్చోవద్దు. "క్షమించినవా అన్నా? క్షమించినవా?" అని రెండుసార్లు అడిగితే అది కూడా ఒక అప్పు వసూలే.

నోటి నుంచి రాకూడనివి:

- "ఏమన్న తప్పుంటే మనసుల వెట్టుకోకు." (తప్పు ఉందో లేదో మీకే తెలియనట్టుంది.)
- "నీకు బాధైతే సారీ." (బాధపడడం వాళ్ల తప్పు అయింది.)
- "నేను చేసింది తప్పే, కని నువ్వు గూడ..." ("కని" దగ్గర ఆగిపోండి.)
- "దేవుడు నన్ను క్షమించిండు." (ఆయన క్షమించి ఉండొచ్చు. మీరు ఇప్పుడు నిలబడ్డది ఈయన వాకిట్లో.)

మొదటిది నేను స్వయంగా వాడి చెడగొట్టుకున్న మాట. మా చిన్నాయన కొడుక్కీ నాకూ ఒక్కటే బోరు, వంతుల మీద నీళ్లు పారించుకునేవాళ్లం. వరి పొట్టకొచ్చిన వేళ వాడి వంతు రాత్రుల్లో నేను మోటరు నడిపి నా మడి తడుపుకున్నా. వాడు అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయిందన్నా. వాడి మడి ఎండింది. నిజం ఎట్లాగో బయటపడింది. మాటలు బంద్.

పాస్టరయ్య గద్దించాక ఫోన్ చేసి "ఏమన్న తప్పుంటే మనసుల వెట్టుకోకు తమ్మి" అన్నా. "ఏం తప్పు జేసినవో నీకెరుక లేదా?" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు చర్చిలో నేను ఎడమవైపు కూర్చుంటే వాడు కుడివైపు.

5. మాటలు అయ్యాక నోరు మూసుకోండి

వినడానికి త్వరపడాలి, మాట్లాడడానికీ కోపానికీ నిదానించాలి అంటాడు యాకోబు (1:19). సమాధానం నిలిచేదీ పడిపోయేదీ ఈ మెట్టు మీదే.

రెండోసారి తెల్లారగట్ల వాడి కొట్టం దగ్గరికి పోయా. బర్రె పాలు పిండుతున్నాడు. తల ఎత్తలేదు. నిలబడే చెప్పా: "మూడు రాత్రులు నీ వంతుల నేను మోటరు నడిపిన. నువ్వడిగితే అబద్ధం జెప్పిన. నీ మడి నా వల్లనే ఎండింది. నాది తప్పు."

పాలధార చప్పుడు ఆగింది. "నాలుగు" అన్నాడు.

"మూడే" అని నా నాలుక చివరిదాకా వచ్చింది. నాకు గుర్తున్నంతలో మూడే. దాన్ని ఎట్లా మింగానో నాకే తెలియదు. "నాలుగేమో" అన్నా.

తర్వాత అరగంట వాడే మాట్లాడాడు. అందులో నీళ్ల మాట ఐదు నిమిషాలు కూడా లేదు. మా చిన్నాయన దవాఖానలో ఉన్నప్పుడు నేను ఒక్కసారే చూడపోయానన్నాడు. వాడి కొత్తింటి కూడికకు భోజనం దాకా ఉండకుండా వచ్చేశానన్నాడు. అవి నా కాగితంలో లేవు. అసలు గాయం అక్కడుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అందుకే చెప్తున్నా, వినేటప్పుడు ఇవి పాటించండి:

- లెక్క సరిచేయొద్దు. మూడు నాలుగైనా, పోయిన ఏడు మొన్నటేడైనా వదిలేయండి.
- "అది నాకు తెలియదు" అంటే సాకులా వినిపిస్తుంది. "అది గూడ నొప్పించిందా నిన్ను" అనండి.
- మీ మీద వేసింది పూర్తిగా అబద్ధమైతే ఆ రోజు ఊరుకోండి. వారం ఆగి ఇంకోసారి మెల్లగా చెప్పొచ్చు.
- ఇంట్లో ఇంకెవరైనా మధ్యలో దూరి తిడితే వాళ్లకు జవాబు ఇవ్వొద్దు.
- లేచి వచ్చేటప్పుడు దండం పెట్టి రండి. కౌగిలింత వాళ్లు ముందుకొస్తేనే. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునే ఊళ్లు మనవి, ఆ ఒడుపు మనకు కొత్తగా నేర్పక్కర్లేదు.

6. తీసుకున్నది తిరిగి పెట్టండి

మాట చెప్పి చేయి దులుపుకుంటే పని సగమే అయినట్టు. సంఖ్యాకాండం 5:7లో లెక్క కూడా ఇచ్చారు. చేసిన పాపం ఒప్పుకోవాలి, నష్టం పూర్తిగా ఇచ్చుకోవాలి, దానికి ఐదోవంతు కలపాలి. ఇరవై వేలు ఎగ్గొట్టినవాళ్లు ఇరవై నాలుగు వేలు పట్టుకుపోవాలన్నమాట. పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అది ఎవరూ అడగకుండా అతని నోటి నుంచి వచ్చిన మాట. మీరు కనీసం ఐదోవంతు దగ్గర మొదలుపెట్టండి.

క్యాథలిక్ అన్నలు ఒకమాట అడుగుతుంటారు: పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకోవడం) చేసుకున్నాం కదా, ఇంకా ఇవ్వాలా? ఇవ్వాలి. దొంగిలించింది తిరిగి ఇవ్వాలని మీ సంఘం బోధ కూడా చెప్తుంది. మీ ఫాదర్‌ను అడిగి చూడండి.

డబ్బు: మిత్తి మాట్లాడుకుని ఉంటే ఆ లెక్క వేరే, అసలు వేరే. ఒకేసారి ఇవ్వలేకపోతే ఎంత, ఏ తారీఖున అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. మొదటి కిస్తు అదే రోజు చేతిలో పెట్టండి, ఐదు వందలైనా సరే.

భూమి: పొరుగువాని హద్దురాయి జరపొద్దని ద్వితీయోపదేశకాండం 19:14. మూరెడు గట్టు కోసం పాలోళ్లు పది తరాలు మాట్లాడుకోని ఊళ్లు నాకు తెలుసు. పట్టాదారు పాస్‌బుక్కులు ఇద్దరివీ పెట్టుకుని సర్వేయర్‌తో కొలిపించండి. గొలుసు పట్టేటప్పుడు ఇద్దరూ ఉండాలి. కొలత మీకు వ్యతిరేకంగా వస్తే అక్కడికక్కడే ఒప్పుకోండి.

నీళ్లు: ఆదికాండం 26లో ఇస్సాకు పనివాళ్లు బావి తవ్వితే గెరారు కాపరులు నీళ్లు మావన్నారు. దాన్ని వదిలి ఇంకోటి తవ్వారు, దానికీ జగడమే. మూడోదానికి ఎవరూ రాలేదు, దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. మన దగ్గర మూడో బోరు వేసే స్తోమత ఎందరికి ఉంది? నీళ్లు పడతాయన్న నమ్మకం కూడా లేదు. కాబట్టి వంతులు రాసి స్టార్టర్ పెట్టె మీద అతికించండి. తాళంచెవులు రెండు చేయించండి.

పేరు: దీన్ని తిరిగి ఇవ్వడం అన్నింటికంటే కష్టం. ఎవరెవరి దగ్గర చెడ్డగా చెప్పారో వాళ్లందరి దగ్గరికీ పోయి "నేను చెప్పింది నిజం కాదు" అనాలి. సంబంధం చెడగొట్టిన ఒకామె ఇట్లా ఏడిండ్లు తిరిగింది. ఏడో ఇంట్లో ఆమెను కూర్చోమని కూడా అనలేదట.

ఆ మనిషి చనిపోయి ఉంటే? సంఖ్యాకాండంలో తర్వాతి వచనమే దానికి దారి చూపిస్తుంది. దగ్గరి బంధువుకు ఇవ్వాలి, వాళ్లు కూడా లేకపోతే అది యాజకుడికి చేరాలి. భార్యాపిల్లలకు ఇవ్వండి. ఎందుకిస్తున్నారో కూడా చెప్పి ఇవ్వండి.

మా తమ్ముడికి పోయిన వడ్లు పది బస్తాలని వాడే చెప్పాడు. పన్నెండు పంపాను. రెండు వెనక్కి పంపాడు. మళ్లీ పంపలేదు. కొన్నిసార్లు పుచ్చుకోవడం కూడా ఒప్పుకోవడమే అనిపించింది.

7. గాయపడింది మీరైతే

రెండో దారి. అతని తప్పు అతనికి చూపించడానికి పోతున్నారు. మత్తయి 18:15లో దీని గురి కూడా చెప్పారు: అతను వింటే మీరు సహోదరుణ్ని సంపాదించుకున్నట్టు. గెలవడానికి పోతున్నట్టు అనిపిస్తే ఆ వారం ఆగండి.

చెప్పేటప్పుడు చేసిన పని ఒక్కటే చెప్పండి, మనిషి గుణం జోలికి పోవద్దు. "నువ్వు చిట్టీ పైసలు చెప్పకుంట వాడుకున్నవ్" అనొచ్చు. "మీ అయ్య అట్లనే, నువ్వూ అట్లనే" అనొద్దు. తర్వాత "ఏమైంది చెప్పు" అని ఆగండి. వినకముందే జవాబు చెప్పేవాడు తన మూఢత్వం బయటపెట్టుకుని సిగ్గుపడతాడంటుంది సామెతలు 18:13.

అతను ఒప్పుకుంటే క్షమించండి. రోజుకు ఏడుసార్లు తప్పు చేసి ఏడుసార్లు తిరిగొచ్చినా క్షమించమన్నాడు (లూకా 17:4). క్షమించానంటే మళ్లీ చిట్టీ పైసలు అతని చేతికే ఇవ్వాలని కాదు. లెక్క వేరేవాళ్లు రాస్తే పగ పట్టినట్టు ఎవరూ అనుకోనక్కర్లేదు.

8. వినకపోతే

ఒకటి రెండుసార్లు ఒంటరిగా పోయాక, రోజులు ఇచ్చాక, అప్పుడు ఒకరిద్దరు. వాళ్లెవరన్నది జాగ్రత్తగా చూడండి.

పనికొచ్చేవాళ్లు: ఇద్దరితోనూ మాటలున్నవాళ్లు. నోరు జారనివాళ్లు. మీ తప్పు కూడా మీ ముందే చెప్పగలిగినవాళ్లు.

పనికిరానివాళ్లు: మీ బామ్మర్ది. మీకు అప్పున్నవాళ్లు. పార్టీ కండువా వేసుకుని వచ్చేవాళ్లు. పెద్దమనుషుల పంచాయితీకి ఇద్దరి దగ్గరా డిపాజిట్ కట్టించుకునే అలవాటున్నవాళ్లు.

సంఘానికి చెప్పడం ఆ తర్వాత. అదీ పెద్దల కూడికలో, ఆదివారం సాక్ష్యంలో కాదు.

అప్పటికీ వినకపోతే అన్యుడిగా, సుంకరిగా ఎంచుకో అన్నాడు. దీన్ని "వెలివేయమన్నాడు" అని చదివేవాళ్లున్నారు. ఆ సువార్తలో మత్తయే సుంకరి. యేసు అతని ఇంట్లో సుంకరులతో భోజనానికి కూర్చున్నాడు (9:10). కాబట్టి సంఘంలో బాధ్యత తీసేయొచ్చు, డబ్బు వ్యవహారం ఆపేయొచ్చు. ఎదురైతే పలకరించడం, వాళ్లింట్లో చావైతే పోవడం ఆపొద్దు. అవతలివాళ్లు క్రైస్తవులు కాకపోతే సంఘం మెట్టు వాళ్ల మీద చెల్లదు. మొదటి రెండు మెట్లు అందరికీ చెల్లుతాయి.

9. ఈ దారి పనికిరానిచోటు

దీన్ని సూటిగా చెప్తా. కొట్టడం, పిల్లల మీద లైంగిక దాడి, కట్నం కోసం హింస, కులం పేరుతో దాడి ఉన్నచోట బాధితుల్ని "ఒంటరిగా పోయి సమాధానపడు" అని పంపొద్దు. సంఘ పెద్దలు లోపల్లోపలే సర్దొద్దు. న్యాయం చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని రోమా 13:4 కూడా చెప్తుంది. పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181, ఆపదలో 112. ముందు ఆ ఫోన్, తర్వాతే మిగతావి. "సంఘం పరువు" అనే మాట ఎవరైనా ఎత్తితే వాళ్లను ఆ కూడికలోంచి లేవమనండి.

10. తరచూ చేసే తప్పులు, వాటి మందు

ప్రార్థన అంశం పేరుతో చాడీ. "ఫలానా అన్న మనసు మారాలని ప్రార్థించుండ్రి" అంటే ఊరంతటికీ తెలిసినట్టే. మందు: పేరు దేవుడికి చెప్పండి, ఆయన ఒక్కడికే.

స్టేటస్‌లో వాక్యం. శత్రువుల గురించిన కీర్తన పెట్టి ఎవరు చూశారో గంటకోసారి చూసుకోవడం. మందు: తీసేయండి. వాక్యం బాణం అయితే తగిలేది మీకే.

సగం సమాధానం. దావీదు రాజు తన కొడుకు అబ్షాలోమును యెరూషలేముకు రానిచ్చాడు, కానీ రెండేండ్లు ముఖం చూడలేదు (2 సమూయేలు 14:28). ఆ తర్వాత ఆ కొడుకే తండ్రి మీద తిరగబడ్డాడు. మందు: వారంలోపు ఒక చిన్న పని కలిసి చేయండి. ట్రాక్టర్ అడగండి, పారకట్టె అడగండి. ఇవ్వడం కంటే అడగడం తొందరగా దగ్గర చేస్తుంది.

పెద్ద దావత్. కోడి కోసి నలుగురిని పిలిచి సమాధానం ప్రకటించడం. మందు: ఆర్నెల్లు ఆగండి.

పాత లెక్క మళ్లీ తీయడం. కొత్త తగాదా వచ్చినప్పుడు "అప్పుడు కూడా నువ్వు" అనడం. మందు: ఆ మాట నోట్లోకి వచ్చినప్పుడు మంచినీళ్లు తాగండి. నవ్వులాటకు అనట్లేదు, నేను తాగుతా.

పిల్లల్ని దూతలుగా పంపడం. మందు అక్కర్లేదు, మానేస్తే చాలు.

11. శనివారం రాత్రి

రేపు బల్ల ఉందనగా పడుకునేముందు ఐదు నిమిషాలు చూసుకోవడానికి:

- ఈ నెలలో ఎవరిని చూసి తొవ్వ మార్చిన?
- ఎవరి కూలి ఆపిన?
- ఎవరి పేరొచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ ఊరుకున్నారు?
- ఇస్తానన్నది ఇచ్చిన్నా?
- పోవాల్సింది రేపు ఆరాధనకు ముందా, తర్వాతా?

ముందే అయితే పొద్దున్నే లేవండి. ఆలస్యంగా వచ్చినా పాస్టరయ్య ఏమీ అనడు, ఎందుకని అడిగితే చెప్పండి.

పోయినా తలుపు తీయనివాళ్లుంటారు. మీకు చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమన్నాడు పౌలు (రోమా 12:18), ఆ "చేతనైనంత మట్టుకు" అన్నది అందుకే ఉంది. నేను ఒకరింటికి ఇప్పటికి మూడుసార్లు పోయా. మూడోసారి కుక్కను గొలుసుకు కట్టేశాడు, అంతే, మాట్లాడలేదు. వరి కోతలు అయ్యాక నాలుగోసారి పోవాలి.